ప్రాణవాయువును మోయు ఇనుము

సింగరేణి బొగ్గునకు పుట్టినిల్లు ఇల్లెందు. మణుగూరు కడ 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రము 2022 నుండి పూర్తిగా నడచుచున్నది. వెలుగు పట్టణములకు పోవుచున్నది. బూడిదయు పొగయు అడవి అంచున మిగులుచున్నవి. ఇది ఎన్నటికిని మన నొసటి వ్రాతయేనా?

గాలిలో సుమారు ఐదింట నాలుగు పాళ్లు నత్రజని. బొగ్గు గాలిలో కాలినపుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఆ నత్రజనిలో కలిసిపోవును. దానిని వేరుచేయబోయినచో పుట్టిన శక్తిలో గణనీయ భాగము అందులకే వ్యయమగును. దీనికి శాస్త్రజ్ఞులు రెండు కొలుముల మార్గమును కనుగొనిరి. ఒక కొలిమిలో లోహపు రేణువులు గాలినుండి ప్రాణవాయువును గ్రహించును. రెండవదానిలో దానిని ఇంధనమునకిచ్చి మరల మొదటిదానికి చేరును. రెండవ కొలిమిలోనికి గాలి రాదు. కావున నీటియావిరిని చల్లార్చినచో మిగులునది దాదాపు బొగ్గుపులుసు వాయువే. స్వీడను దేశపు చామర్సు విశ్వవిద్యాలయమువారు 2003లో 10 కిలోవాట్ల కొలిమిలో సహజవాయువుతో దీనిని నడిపి చూపిరి.

చిక్కంతయు రేణువులందే యున్నది. అవి వేలమారులు తిరిగినను అరుగరాదు, ముద్దకట్టరాదు. నికెలు చురుకైనదే గాని ప్రియము, విషము. రాగి 1085 డిగ్రీలకే కరగును. మన బొగ్గులో బూడిద మిక్కుటము. దానిని తీసివేయునపుడు రేణువులును కొన్ని పోవును. పోయినను బాధలేని చౌక ఖనిజము, అనగా ఇనుప ఖనిజము, మనకు కావలెను.

అది బయ్యారమున గలదు. ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారమును గూర్చి పరిశీలింతుమని 2014 నాటి పునర్విభజన చట్టమున వ్రాసిరి. ఖనిజము నాసిరకమని చెప్పి కార్యమును మూలబెట్టిరి. ఉక్కునకు చాలనిది మరి దేనికిని చాలదనుట న్యాయమా? పరీక్షింపకయే తీర్పు చెప్పుట శాస్త్రము కాదు. సింగరేణి బొగ్గుతో ఖనిజమునందలి ప్రాణవాయువును హరించి స్పాంజి ఇనుమును చేయు విద్యను 1980 నుండి పాల్వంచ కర్మాగారము చేసి చూపెను. ఈ నూతన మార్గములో సగము ఆ విద్యయే గదా!

ఇది అడవిని త్రవ్వుటకు సాకు కారాదు. పరీక్షకు కావలసినది కొలది టన్నులు మాత్రమే. ఆపై అడుగు వేయవలెనన్న గిరిజనుల సమ్మతియు, 1/70 చట్టపు మర్యాదయు తప్పక నిలువవలెను.

కొత్తగూడెపు గనుల కళాశాల 2025లో విశ్వవిద్యాలయమైనది. పేరు మారినంతనే విద్య పెరుగదు. మన బొగ్గును, మన ఖనిజమును ఒక్క చిన్న కొలిమిలో కలిపి పరీక్షించు బాధ్యతను అది వహింపవలెను. వ్యయమును సింగరేణి సంస్థయు ప్రభుత్వమును భరింపవలెను. బూడిదను భరించిన సీమకు ఆపాటి ఋణము తీర్పరా?