గుర్తింపు ఒక ఋణం

వరంగల్లులోని కాకతీయ వైద్య కళాశాలలోనైనా, మరే వైద్య కళాశాలలోనైనా జీవరసాయన శాస్త్రం అభ్యసించే విద్యార్థికి 'ఫిస్క్–సుబ్బారావు పద్ధతి' తారసపడుతుంది. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి అది. అందులోని రెండవ పేరు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుదని ఎందరికి తెలుసు?

ఇద్దరు సోదరులను స్వల్ప వ్యవధిలో స్ప్రూ వ్యాధి బలిగొనగా, ఆయన వైద్య పరిశోధనకే అంకితమయ్యారు. 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్క్‌తో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీలపై మౌలిక పరిశోధనలు చేశారు. అయినా అక్కడ శాశ్వతోద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు తరలిపోయారు. స్ప్రూ చికిత్సకు తోడ్పడే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు నివారణకు తెలుగు జిల్లాలలో పంచే మాత్ర కూడా ఆ బృందం కృషిఫలమే.

ఇందుకు ఆయన చెల్లించిన మూల్యం అల్పమైనది కాదు. స్వదేశంలో విడిచి వెళ్ళిన భార్యను మరల చూడలేదు. పసితనంలోనే మరణించిన కుమారుని ముఖమైనా ఎరుగరు. 1948లో, 53 ఏళ్ళ వయసులో పరాయి గడ్డపైనే కన్నుమూశారు.

"శాస్త్రజ్ఞునికి కీర్తితో పనేమి? ఫలాపేక్ష లేని కర్మయే గొప్పది" అని కొందరంటారు. సుబ్బారావు సైతం ప్రచారానికి దూరంగా మెలగి, సహచరులనే ముందు నిలిపారు. అది ఆయన ఔన్నత్యం. కాని, కీర్తిని త్యజించే హక్కు దానిని ఆర్జించినవానికే ఉంటుంది; హరించే హక్కు ఇతరులకు లేదు. కీర్తి వేరు, గుర్తింపు వేరు. కీర్తి అలంకారం, గుర్తింపు సత్యం.

సత్యాన్ని మరుగుపరిస్తే నష్టపోయేది ఒక వ్యక్తి మాత్రమే కాదు. ఫిస్క్ అసూయ కారణంగా సుబ్బారావు పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదనీ, ఇతరులు వాటిని ఏళ్ళ తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ, హార్వర్డ్‌లో ఆయనను ఎరిగిన హిచింగ్స్ పేర్కొన్నారు. 1988లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త ఈ హిచింగ్స్. ఆ జాప్యం శాస్త్రానికి నష్టం. అంతకు మించి రోగికి నష్టం.

1995లో భారత ప్రభుత్వం సుబ్బారావు పేరిట తపాలా బిళ్ళ వెలువరించింది. అది సముచితమే, కాని పరలోకగతునికి చేసే సత్కారం, బ్రతికి ఉండగా దక్కవలసిన న్యాయానికి బదులు కాదు. ప్రయోగశాలలో తోటివాని శ్రమను అతని పేరుతోనే నమోదు చేసే విద్యార్థియే ఆ ఋణాన్ని నిజంగా తీర్చినవాడు.