రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పిల్లల చదువు వేళ – మైకు తగ్గిద్దాం!

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పెద్దలకూ, అమ్మలకూ, ఆలయ కమిటీలకూ, చర్చి సంఘాలకూ, మసీదు పెద్దలకూ, పెళ్లివారికీ, మైకుసెట్టు యజమానులకూ, డీజే తమ్ముళ్లకూ మనవి.



సంక్రాంతి ప్రభలు ఊళ్లకు తిరిగి చేరాయంటే మన పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డట్టే. మార్చికి మిగిలేది రెండు నెలలు. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే మాఘమాసపు పెళ్లిళ్లు, అంతర్వేది తీర్థం, శివరాత్రి, సువార్త సభలు, వీధిలో ఎవరో ఒకరింట ఓణీల ఫంక్షను. ఇవన్నీ మనవే. ఇవి లేని కోనసీమ మాకూ వద్దు. వీటిని మానమని మేం అడగడం లేదు. మైకు ఎటు తిరిగి ఉంది, ఎంత గట్టిగా మోగుతోంది, ఎన్నింటిదాకా మోగుతోంది – ఈ మూడు సంగతులూ ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలని అడుగుతున్నాం.

డాబా ఇంట్లో పైగదిలో చదువుకునే పిల్ల తలుపు వేసుకోగలదు. ఒకే గది ఉన్న కాలనీ ఇంట్లో, రేకుల షెడ్డులో, తాటాకింట్లో ఉండే పిల్ల ఏ తలుపు వేసుకోవాలి? ట్యూషన్‌కు డబ్బు కట్టలేని ఇంట్లో ఆ పిల్లకున్న ఆస్తల్లా రాత్రి చదువుకునే ఆ రెండు గంటలే. మామిడికుదురులో పేదింట పుట్టిన బోయి భీమన్న గారు చదువునే పట్టుకుని పైకొచ్చారు. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ రాశారు, ఆ పుస్తకానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. అలాంటి పిల్లలు ఈ రోజున కూడా మన పేటల్లో ఉన్నారు. వాళ్ల రెండు గంటలు వాళ్లకు వదలండి.

చప్పుళ్లన్నీ ఒకటి కావు. ఫ్యాను తిరుగుతుంటే చదవొచ్చు. కొబ్బరాకుల మీద వాన పడుతుంటే చదవొచ్చు. లాకుల దగ్గర నీళ్ల హోరులో కూడా చదవొచ్చు. ఆ చప్పుడు ఒకే తీరున సాగుతుంది కాబట్టి కాసేపటికి మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మాట అలా కాదు, పాట అలా కాదు. పెదవి కదపకుండా చదివేటప్పుడు కూడా మనం వాక్యాన్ని లోపల పలుకుతూనే ఉంటాం. పలికిన మాటను కొన్ని క్షణాలు పట్టి ఉంచి, తరువాతి మాటతో కలిపి అర్థం చేసుకుంటాం. బయటి నుంచి వచ్చే మాట కూడా నేరుగా అక్కడికే చేరుతుంది. పక్కింటి సీరియల్లో అత్తాకోడళ్ల గొడవ వద్దనుకున్నా చెవినపడుతుంది, చేతిలో ఉన్న సాంఘికశాస్త్రం పాఠం జారిపోతుంది. పిల్ల చదివిన పేరానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. పక్కనుంచి చూసేవాళ్లకు బుద్ధిగా చదువుతున్నట్టే ఉంటుంది!

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు అక్షరాలు గుర్తుపెట్టుకునే పని ఇచ్చి, వెనకనుంచి పరాయిభాష మాటలు వినిపించారు. ఆ భాష అర్థం కాకపోయినా జ్ఞాపకం దెబ్బతింది. తరువాత సలామే, బాడ్లీ చేసిన ప్రయోగాల్లో వట్టి వాయిద్యం కన్నా గాత్రం ఉన్న పాట ఎక్కువ చెరుపు చేసింది. ఇయర్‌ఫోన్లలో సినిమా పాటలు పెట్టుకుని చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ముక్క మీకు కూడా. చదివేటప్పుడు మాటలున్న పాట వద్దు. సన్నాయో వీణో అయితే కొంత నయం. ఏమీ లేకపోతే ఇంకా నయం.

‘మాకు అలవాటైపోయిందండీ, ఆ మోతలోనే చదివేస్తాం’ అనేవాళ్లున్నారు. న్యూయార్క్‌లో ఒక ప్రాథమిక పాఠశాల పక్కనే ఎత్తైన వంతెన మీద రైళ్లు నడిచేవి. కొద్ది నిమిషాలకోసారి రైలు, ఆ మోతకు టీచరు పాఠం ఆపాల్సిందే. ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రైలుపట్టాల వైపు గదుల పిల్లలనూ, అవతలివైపు గదుల పిల్లలనూ పోల్చి 1975లో ఫలితాలు ప్రకటించారు. ఆరో తరగతికి వచ్చేసరికి మోత వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. బడి ఒకటే, పుస్తకాలు అవే. ఏళ్ల తరబడి విన్న మోతే అయినా ఆ అలవాటు వాళ్లను కాపాడలేదు. తరువాత రైల్వేవాళ్లు పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, బడివాళ్లు గదుల పైకప్పుకు శబ్దం పీల్చే పలకలు వేయించారు. 1981లో మళ్లీ చూస్తే రెండు వైపుల పిల్లలూ సమానంగా చదువుతున్నారు. మేం పట్టుకుని వేలాడుతున్నది ఈ చివరి మాటనే. చప్పుడు తగ్గిస్తే పిల్లలు తేరుకుంటారు.

మన నేల సంగతి మరొకటుంది. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. వరిచేలు, కాలువలు, గోదావరి పాయలు. పొద్దుగూకాక నేలకు ఆనుకున్న గాలి పైగాలి కన్నా ముందే చల్లబడుతుంది. అలా చల్లబడ్డ రాత్రుల్లో, పైకి పోవలసిన శబ్దం వంగి మళ్లీ నేలకే దిగుతుంది. అందుకే లంకలో పెట్టిన పాట ఏటి అవతలి ఊళ్లో పక్కవీధిలో పెట్టినట్టు వినబడుతుంది. డీజే బాక్సుల అడుగుమోతకు గోడలు కూడా అడ్డం కావు. పగలు మీకు సరిపోయిందనిపించిన సౌండు రాత్రికి ఇంకా దూరం పోతుందని మైకుసెట్టు తమ్ముళ్లు దయచేసి గుర్తుంచుకోండి.

ఇక చట్టం. శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 నుంచి దేశమంతటా అమల్లో ఉన్నాయి. జనం నివసించే చోట శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 ఉంటుంది. డీజే బాక్సుల ముందు 100 దాటుతుంది. డెసిబెల్స్ పది పెరిగితే చెవికి మోత ఇంచుమించు రెట్టింపవుతుందని గుర్తుంచుకుంటే ఆ తేడా ఎంతో అర్థమవుతుంది. లిఖితపూర్వక అనుమతి లేకుండా మైకు పెట్టకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు అసలే కూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదైనా ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకూడదు. ఏ మతమూ మైకుతో పక్కవాడి శాంతి చెడగొట్టి ప్రార్థించమని చెప్పలేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. అది చర్చికి సంబంధించిన కేసు, కానీ ఆ మాట గుడికీ మసీదుకూ అందరికీ వర్తిస్తుంది. ఇష్టం లేనివాళ్ల చెవిలోకి బలవంతంగా శబ్దం పంపే హక్కు ఎవరికీ లేదని 2005 జులై 18 తీర్పులో మరీ వివరంగా చెప్పింది. హైదరాబాద్ నగర పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మన దగ్గర కూడా అంతదాకా వెళ్లాలా? మన ఊళ్లో మనమే మాట్లాడుకుని సర్దుకోలేమా? సర్దుకోగలమన్న నమ్మకంతోనే ఈ కరపత్రం వేశాం.

మైకు తగ్గితే పండుగ కళ తగ్గుతుందనుకోకండి. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. వరిచేలు దాటుతాయి, కొన్ని కౌశిక ఏటి నీళ్లలోకి దిగి అవతలి గట్టు ఎక్కుతాయి. మైకు పుట్టకముందు నుంచీ అలాగే వస్తున్నాయి. మోసేవాళ్ల ‘అశ్శరభ శరభ’ కేకలకు కరెంటు అక్కర్లేదు. గరగలు, డోలు, సన్నాయి, అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా – మన పండుగల బలమంతా మనుషుల ఒంట్లో ఉంది, బాక్సుల్లో లేదు.

అందుకని పెద్దలకు మా కోరికలు. తెల్లవారుజామున ఆరులోపు సుప్రభాతమైనా, ప్రార్థనైనా, అజాన్ అయినా లోపలి బాక్సులకే ఉంచండి. గోపురం మీద, స్తంభం మీద ఊరివైపు తిరిగి ఉన్న హారన్లు దించి, కూర్చున్నవాళ్లకు దగ్గరగా చిన్న బాక్సులు పెట్టండి. దూరం రెట్టింపైన కొద్దీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి దగ్గరున్న చిన్న బాక్సు భక్తులకు బాగా వినబడుతుంది, వీధి చివరి ఇంటికి పోదు. ఖర్చు కూడా పెద్దగా లేదు. పెళ్లివారూ, ఊరేగింపును ఏడులోపు ముగించండి, లేదా బడి, హాస్టల్ ఉన్న వీధి తప్పించి తిప్పండి. అమ్మలూ, రోజంతా చాకిరీ చేసి అలసి సీరియల్ ముందు కూర్చుంటారని తెలుసు. సౌండు గది దాటకుండా చూడండి, చాలు. ఒక్క మార్చి దాకా.

ఇంట్లో వీలుకాని పిల్లలకు గ్రంథాలయం ఉంది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది, కాబట్టి అది మన డబ్బుతో నడిచే చోటు. ‘గ్రంథాలయ పితామహుడు’ అని పేరుపడ్డ అయ్యంకి వెంకటరమణయ్య గారిది గోదావరికి ఆవలి వైపున కొంకుదురు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఊరూరి గ్రంథాలయాల ప్రతినిధులను ఒకచోట చేర్చి ఉద్యమం నడిపించారు. ఆ ఉద్యమం పుట్టిన జిల్లాల్లో సాయంత్రం చదువుకోవడానికి ఒక నిశ్శబ్దమైన బల్ల దొరకకపోతే ఎలా? పరీక్షల నెలల్లో రాత్రి 9 దాకా శాఖా గ్రంథాలయాలు తెరిచి ఉంచమని అడుగుదాం. లోపల ఫోన్లు మోగకుండా మనమే చూసుకుందాం. బడి చదువు అయిపోయిన పెద్దలూ వచ్చి, పత్రికో నవలో తీసుకుని పిల్లల ఎదురుగా కూర్చోండి.

ఈ కాగితం వెనకవైపు ఖాళీ వదిలాం. మీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి ‘ఏడు నుంచి తొమ్మిది’కి ఒప్పుకున్నవాళ్ల చేత సంతకాలు పెట్టించండి. ఒప్పుకోనివారితో తగువు వద్దు, రెండు రోజులాగి మళ్లీ వెళ్లండి. సంతకాల నకలు ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి స్టేషన్ ఎస్సై గారికి ఇవ్వండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. రాత్రి పది దాటాక మైకు ఆగకపోతే ముందు వెళ్లి మర్యాదగా చెప్పండి, వినకపోతే 112కి ఫోన్ చేయండి. ఊళ్లో తెమలని సంగతిని అమలాపురం కలెక్టరేట్‌లో సోమవారాలు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీగా తీసుకెళ్దాం, అందరం కలిసి.

ఇట్లు,
కోనసీమ పాఠకులు, పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు

(చదివాక పారేయకండి, పక్కింటికి ఇవ్వండి.)