ఎనిమిదో తరగతికి లక్ష్యం ఎందుకు?

హైస్కూలుకు వచ్చే పిల్లలకు కెరీర్ ప్లానింగ్‌ను పాఠ్యాంశం చేయాలంటే ఎదురు చెప్పేవాళ్లే కనిపించరు. తల్లిదండ్రులు ఔనంటారు, అధికారులు ఔనంటారు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ వక్తలైతే పుస్తకం రాసివ్వడానికి సిద్ధంగా ఉంటారు. పిల్లలకు లక్ష్యం లేకపోవడమే మన చదువులకు పట్టిన జబ్బని అందరి నమ్మకం. నాకా నమ్మకం లేదు.

ఎనిమిదో తరగతి పిల్లని ఏమవుతావని అడగండి. డాక్టర్, కలెక్టర్, పోలీస్, లేదంటే సాఫ్ట్‌వేర్. ఇంట్లో విన్నవి, సినిమాలో చూసినవి అవే మరి. ల్యాబ్ టెక్నీషియన్, భూములు కొలిచే సర్వేయరు రోజంతా ఏం చేస్తారో ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. చూడని పనుల్లోంచి ఒకటి ఎంచుకుని పదేళ్ల ప్లాన్ గీయమంటే అది చూచిరాతే అవుతుంది.

నిజానికి లక్ష్యాలకు మన దగ్గర కరువే లేదు. ఆరో తరగతికే 'ఐఐటీ ఫౌండేషన్' బోర్డులు వేలాడుతున్నాయి. రేపు కెరీర్ పుస్తకం వస్తే ఆ బోర్డులకు సర్కారు ముద్ర కూడా పడుతుంది.

అసలు నిర్ణయం ఎక్కడ జరుగుతుందో తెలియనిదెవరికి? పదో తరగతి పరీక్షలు కాకముందే జూనియర్ కాలేజీ పీఆర్వో ఇంటికొస్తాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫీజు కాగితం మీద ఒక అంకె కొట్టేసి పక్కన తక్కువ అంకె వేస్తాడు. "ఇవాళ అడ్వాన్స్ కడితేనే సార్ ఈ కన్సెషన్" అంటాడు. టీ తాగేలోపే ఎంపీసీయో బైపీసీయో తేలిపోతుంది. పిల్లవాడు పక్క గదిలో ఉంటాడు. బళ్లో గీసిన ప్లాన్ ఆ కన్సెషన్ ముందు నిలుస్తుందా?

పైగా ఈ పాఠం చెప్పేదెవరు? విలువల విద్య, పని విద్య అంటూ ప్రోగ్రెస్ కార్డుల్లో గళ్లు పెట్టుకున్నాం. చాలా బడుల్లో ఆ పీరియడ్లు లెక్కల సారు తీసుకుంటారు. గ్రేడు మాత్రం ఠంచనుగా పడుతుంది!

పల్లె పిల్లలకు సమాచారం అందడం లేదన్న వాదనలో నిజముంది. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చని, ఐటీఐలున్నాయని, బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే సీటిస్తారని, బైపీసీతో వ్యవసాయం, పశువైద్యం కూడా చదవొచ్చని చాలా ఇళ్లలో తెలియదు. అయితే పదో తరగతి తల్లిదండ్రులను కూర్చోబెట్టి గంటసేపు చెబితే తీరే పని అది. దానికి సిలబస్ ఎందుకు?

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివాళ్ల దగ్గర గడపమంది. అది చిత్తశుద్ధితో చేయండి. ఆర్టీసీ డిపోకి, పశువైద్యశాలకి తీసుకెళ్లండి. తిరిగొచ్చాక ఏమవుతావని మాత్రం అడక్కండి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి లెక్కలు, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీ పెట్టింది. తేల్చుకోవడానికి పిల్లలకు మరో రెండేళ్లు దొరికాయి. నా లెక్కలో పది కెరీర్ పుస్తకాలకన్నా అది మేలు.

నోటిఫికేషన్‌కు ముందే అడ్మిషన్లు చేయరాదని ఇంటర్ బోర్డులు హెచ్చరిస్తూనే ఉంటాయి. ఆ మాటను ఒక్క ఏడాది నిజంగా అమలు చేసి చూపించండి. కెరీర్ పాఠం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.