వుజూ వేళ తీసిపెట్టే గడియారం

తనకల్లు నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. ఆమె తండ్రిగారికి డెబ్బయి ఆరేళ్ళు. వైద్యులు డిమెన్షియా అని పిలిచే మతిమరపు వ్యాధి మూడేళ్ళుగా ముదురుతున్నది. మొన్న చలికాలంలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక ఆయన లేచి, ఫజ్ర్ అజాన్ అయిందనుకొని, టోపీ పెట్టుకొని మస్జిద్‌కు బయలుదేరారు. తెల్లవారాక కొక్కంటి క్రాస్ వద్ద కాళ్ళకు చెప్పులైనా లేకుండా కూర్చొని కనిపించారు. “బెంగళూరులో ఉన్న అన్నయ్య జీపీఎస్ గడియారం పంపాడు. అబ్బాజాన్ వుజూకు కూర్చోగానే దాన్ని తీసి పక్కన పెడతారు. మస్జిద్‌లో రెండుసార్లు మరచి వచ్చారు. మేము ఏది కొనాలి?” అని ఆమె అడుగుతున్నారు.

సోదరీ, తప్పు మీ నాన్నగారిది కాదు. మనుమల పేర్లు మరచినా, అరవై ఏళ్ళుగా రోజుకు అయిదుసార్లు చేసిన వుజూ ఆయన చేతులకు జ్ఞాపకమున్నది. తెలిసినదంతా తెలియకుండా పోయే నికృష్ట వయస్సును గూర్చి దివ్య ఖుర్ఆన్ నహ్ల్, హజ్ సూరాలలో ప్రస్తావించింది. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని పరిశోధకుల అంచనా. కనుక పరికరం గొప్పలు చూసి కొనకండి. ముందు ఆయన దినచర్యను చూడండి.

గడియారం పట్టీ వదులుగా ఉండి, కదిలిస్తే కిందికి నీరు చేరినట్లయితే దాన్ని తీయనక్కరలేదు. అయితే ఈ కొత్త సంగతిని ఆయన చేతికి నేర్పడం ఇప్పుడు కష్టం. తాళం పడే పట్టీలు కూడా దొరుకుతాయి. వాటిని మేము సూచించము. కన్నతండ్రి చేతికి బేడీ వేసినట్లుంటుంది. చెప్పుల అడుగున అమర్చేవి కూడా ఉన్నాయి, కాని మనవారు చెప్పులను మస్జిద్ గుమ్మం వద్దనే విడుస్తారు కదా! పైగా ఆ రాత్రి ఆయన చెప్పులు లేకుండానే వెళ్ళారు. మెడలో వేసే బిళ్ళను తావీజు అనుకొని లాగివేసే పెద్దలు కొందరుంటారు. మీటను నొక్కితే సహాయం వచ్చే పరికరానికైతే, నొక్కాలన్న సంగతి ఆయనకు గుర్తుండాలి.

ఇక మిగిలినది దుస్తులే. అగ్గిపెట్టెంత జీపీఎస్ పరికరాన్ని కుర్తా లోపలివైపు, చేయి పోనిచోట, చిన్న జేబు కుట్టి అందులో ఉంచవచ్చును. ఆయన తొడిగే ప్రతి కుర్తాకూ, రాత్రి వేసుకొనే బనియనుకూ అటువంటి జేబు ఉండాలి. ఉతికేముందు దాన్ని తీయడం మరువకండి, మా ఎరుకలో ఒక పరికరం బట్టల సోడా నీళ్ళలోనే అంతమైంది! చార్జింగ్‌ను మాత్రం రాత్రివేళ పెట్టకండి. ఆయన వెళ్ళిపోయేది రాత్రే. జుహర్ నమాజు, భోజనం ముగిశాక ఎవరైనా పక్కన కూర్చున్న గంటలో పెట్టండి.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. మీ ఇంటి కుర్రవానికి ఆ పరికరమిచ్చి మస్జిద్ దాకా, వేరుశనగ చేలదాకా, కొక్కంటి క్రాస్ దాకా పంపి, మీ ఫోనులో అతడు ఎక్కడెక్కడ కనిపిస్తున్నాడో చూడండి. మీ ఊళ్ళో ఏ కంపెనీ సిగ్నల్ బాగా అందితే ఆ సిమ్మే వేయండి. చౌకవాటిలో కొన్ని 2జీతో మాత్రమే పనిచేస్తాయి, వాటిలో జియో సిమ్ పనికిరాదు. తాళంచెవులకు తగిలించే బ్లూటూత్ బిళ్ళలకు సొంత జీపీఎస్ ఉండదు. దగ్గరగా ఎవరిదైనా తగిన ఫోను పోతేనే వాటి జాడ తెలుస్తుంది. అర్ధరాత్రి చేలల్లో ఎవరు పోతారు?

నిజానికి ఆ రాత్రి మిమ్మల్ని ఆదుకొనగలిగేది జీపీఎస్‌కన్న తలుపు గంట. తలుపు తెరవగానే మోగే అయస్కాంతపు గంట కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని ముందు కొనండి. కర్ణాటక సరిహద్దు దగ్గరే గనుక, పేరు, ఫోను నంబరు తెలుగు, కన్నడ, ఉర్దూలలో వ్రాసిన చీటీని కూడా జేబులో కుట్టండి.

హెచ్చరిక బెంగళూరులోని అన్నయ్య ఫోనుకు మాత్రమే వస్తే ప్రయోజనమేమి? లేచి పరుగెత్తగలిగిన పొరుగువాని ఫోనుకు కూడా రావాలి. ఇమామ్ గారికి, మువజ్జిన్‌కు, బస్టాండులో టీ దుకాణం వారికి విషయం చెప్పండి. సంబంధాలు చెడిపోతాయని, ఇంటిపరువు పోతుందని దాచే కుటుంబాలను మేము ఎరుగుదుము. అటువంటి ఇళ్ళలో పెద్దలు తప్పిపోతే వెదికేవారు తక్కువ.

ఇంకొక మాట. ఆయన తెలివిగా ఉన్న ఘడియ చూసి, “అబ్బాజాన్, మీరు దారి తప్పితే మాకు తెలియడానికి” అని చెప్పి, అనుమతి అడగండి. మరునాటికి మరచిపోతారేమో, అయినా అడగండి. వార్ధక్యంలో తల్లిదండ్రులతో మర్యాదగా మాట్లాడమని బనీ ఇస్రాయీల్ సూరాలో ఉన్న ఆదేశం దొంగచాటుగా జేబు కుట్టే వేళకు కూడా వర్తిస్తుందని మా అభిప్రాయం.

ఆయన కనిపించకపోతే ఇరవైనాలుగు గంటలు ఆగాలన్న మాట నమ్మకండి. వెంటనే 112కు ఫోను చేయండి. పగటివేళ వృద్ధుల సహాయవాణి 14567 కూడా ఉన్నది. ఈ నెలలో తీసిన ఫొటో ఒకటి, పెళ్ళినాటిది కాక, మీ ఫోనులో సిద్ధంగా ఉంచుకోండి.