పేటల పాట ఏ రికార్డులో ఉంది?

వి.ఎ.కె. రంగారావు గురించి పాత తెలుగు పాటల అభిమానులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులు 40 వేలకు పైగా పోగుచేసిన మనిషి. సంగీత పరిశోధకుడు, పదాలకు స్వయంగా అభినయించే నర్తకుడు. ఆయన దాచకపోతే ఎన్నో గొంతులు పాత సామాన్ల కొట్టులో పగిలిపోయేవి. ఆ రుణం ఒప్పుకుంటూనే అడుగుతున్నాం: అన్ని వేల రికార్డుల్లో మాలపేట, మాదిగపేట పాట ఎంత?

కంపెనీ అచ్చువేయనిది ఏ సేకర్త బీరువాలోకీ రాదు. ఆ రికార్డు ఒక వైపు మోగేది 3 నిమిషాలు. నాటక పద్యం, కీర్తన, జావళి అందులో ఇమిడాయి. రోజంతా సాగే నాట్ల పాట ఇమడలేదు. ఇమిడినా కొనేదెవరు? గ్రామఫోను ఉన్న ఇళ్లు ఏ కులాలవో కంపెనీకి తెలుసు. వినైల్ రాకముందు రికార్డులు చేసింది లక్కతో. ఆ లక్కలో చాలా భాగం చోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు కొమ్మల మీంచి గీకి తెచ్చిందే.

1938లో ‘మాలపిల్ల’ వచ్చింది. కథ చలం, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మం, సంగీతం భీమవరపు నరసింహారావు, పాటల్లో బసవరాజు అప్పారావువి ఉన్నాయి, నాయిక కాంచనమాల. మంచి ప్రయత్నమే. కానీ ఈ పేర్లలో మాలపల్లెలో పుట్టింది ఒక్కటీ లేదు.

నాట్యం సంగతీ ఇంతే. జమీందారీ ఇంట్లో పుట్టిన మగవాడు గుడిలో అభినయిస్తే కళాసేవ. ఆ పదాల్ని తరాల తరబడి మోసిన కలావంతుల ఆడవాళ్లు గుడిలో ఆడకుండా 1947 మద్రాసు దేవదాసీ చట్టం ఆపింది. ఆడపిల్లల్ని దోపిడీ నుంచి తప్పించడానికి ఆ చట్టం కావాల్సిందే, దాన్ని తప్పుపట్టం. అయితే కళ చేతులు మారింది, గౌరవం కూడా కొత్త చేతులకే దక్కింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ఊళ్లలో మేం చూస్తున్నది ఇప్పటి నష్టం. కొల్లేరు చుట్టూ వరి పోయి చేపల చెరువులు వచ్చిన చోట నాట్లు లేవు. నాట్లు లేని ఊళ్లో నాట్ల పాట ఎవరు పాడతారు? గుర్తున్నవాళ్లు పెద్ద వయసు ఆడకూలీలు. వాళ్లు పోతే పాట పోతుంది. పాత వినైల్‌కు వేలు పోసి కొనే మోజు మళ్లీ వచ్చింది, ఈ పాటలకు మాత్రం అచ్చుపడిన రికార్డే లేదు కాబట్టి మార్కెట్టూ లేదు.

రికార్డింగుకు ఫోను చాలు. తగువంతా తర్వాతే. ఎవరో వచ్చి పాడించుకుని పోతారు, అది ‘జానపదం’ పేరుతో యూట్యూబులో తిరుగుతుంది, పాడినామె పేరుండదు, పైసా రాదు. 1948 నుంచి నడుస్తున్న విజయవాడ ఆకాశవాణి, మన విశ్వవిద్యాలయాలు తమ దగ్గరున్న కూలి పాటల టేపులన్నిటికీ పాడినవారి పేరు, ఊరు, పేట రాసి జాబితా బయటపెట్టాలి. కొత్తగా రికార్డు చేసేవాళ్లు ఆ రోజు కూలి ముందే ఇచ్చి, ఒప్పందం చదివి వినిపించి, ఒక కాపీ ఆ పేటలోనే ఉంచాలి.