సారు రాలేదామ్మా?

పోయిన నెల మదనపల్లెలో ఓ హార్డ్‌వేరు అంగడికి వెళ్లి వెల్డింగు మిషను చూపించమన్నాను. అంగడాయన నా వెనక్కి చూసి "సారు రాలేదామ్మా?" అన్నాడు. సారుకు కాదు, నాకేనన్నాను. నవ్వి, ఉన్నవాటిలో పెద్దది తీసి బల్ల మీద పెట్టాడు. దాంతో నేనేం చేసుకుంటానో, మా ఇంట్లో కరెంటు పాయింటు ఎట్లాంటిదో ఒక్క మాట అడగలేదు. చీటీ డబ్బులు పర్సులోనే ఉంచుకుని వచ్చేశాను.

నాకు కావలసింది సరదాకే. మిద్దె మీద పూలకుండీలకు ఒక స్టాండు, కాకర తీగకు పందిరి. ఇంతోటి పనికి వెల్డింగు అంగడికి వెళితే "రేపు రామ్మా" అంటారు. ఆ రేపు నెల దాటినా రాదు.

కుప్పంలో ఉన్న మా చెల్లెలు ఈ సంగతి విని "అక్కా, నేనూ కొంటా. బెంగుళూరు పోయి తెచ్చుకుంటా. ఎంత పెద్దది తెమ్మంటావు?" అని అడిగింది. చూశారా, అదీ పెద్దది దగ్గరే మొదలుపెట్టింది! మిక్సీ కొనేటప్పుడు ఎంతమందికి రుబ్బాలో లెక్క చూసుకునే మనం, దీని దగ్గర లెక్క మరిచిపోతాం. అది మన వస్తువు కాదని ముందే అనుకుంటాం కాబట్టి.

తెలిసినవాళ్లను అడిగి, నాలుగు రోజులు చదివి నేను తేల్చుకున్నది చెబుతాను. మొదటిసారి కొనేవాళ్లకు రాడ్డుతో అతికించే ఇన్వర్టరు మిషను చాలు. ఇన్వర్టరంటే కరెంటు పోతే ఫ్యాను తిప్పేది కాదు, వెల్డింగు మిషన్లలో తేలికైన రకం పేరది. ఒక చేత్తో మిద్దె ఎక్కించవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషను కదలాలంటే ఇద్దరు కావాలి. తీగతో, గ్యాసుతో పనిచేసే మిగ్ మిషను నేర్చుకోవడానికి సులువే గానీ, సిలిండరు ఖర్చు వేరే. పైగా మిద్దె మీద గాలి కొడితే ఆ గ్యాసు కాస్తా చెదిరిపోతుంది.

మిషను పేరులో ఉండే పెద్ద అంకెను నమ్మకండి, వెనక అతికించిన రేకు చదవండి. 200 ఆంపియర్లకు 60 శాతం అని ఉంటే, అంత కరెంటు మీద పది నిమిషాల్లో ఆరు నిమిషాలే పని, మిగతా నాలుగూ విశ్రాంతి అని అర్థం. మన పనులకు 2.5 మిల్లీమీటర్ల రాడ్డు, సుమారు 80 ఆంపియర్లు సరిపోతాయి. రాడ్డు 6013 రకం అడగండి, సులువుగా వెలుగుతుంది. ఇంతవరకు ఇంట్లో 16 ఆంపియర్ల పవర్ పాయింటు తట్టుకుంటుంది, వైరింగు గట్టిదైతే. అంతకన్నా లావు రాడ్డు పెడితే లోడు దాటిపోతుంది. మరి అంగడాయన బల్ల మీది పెద్ద మిషను మనకెందుకు? ఇంకో మాట, పల్చటి పైపుతో మొదలుపెట్టకండి, చిల్లులు పడి మనసు విరిగిపోతుంది. మూడు మిల్లీమీటర్ల పట్టీ ముక్కల మీద చెయ్యి తిప్పుకోవాలి.

మిషనులో మిగిల్చిన డబ్బు కళ్లకు పెట్టండి. ఇది నేను అనుభవించి చెబుతున్నాను. పుంగనూరులో చిన్నప్పుడు బడి నుంచి వస్తూ వెల్డింగు అంగడి ముందు నిలబడి ఆ నీలి వెలుగును ఇష్టంగా చూసేదాన్ని. ఒక రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టయింది. తెల్లవార్లూ ఏడుపే. మా అమ్మమ్మ పాలచుక్కలు వేసింది. ఆ చిట్కాలు వద్దు, కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఆ వెలుగు చేసే చెరుపు అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. చలవ కళ్లద్దాలు దానికి ఆగవు. తలకు తొడుక్కునే మాస్కు, అందులో 10 లేదా 11 నంబరు అద్దం ఉండాలి. వెలుగు రాగానే దానంతటదే నల్లబడే రకమైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తోలు గ్లవుజులు, మందపాటి నూలు బట్టలు వేసుకోవాలి. నైలాను చీర నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. జింకు పూత ఉన్న పైపు జోలికి పోవద్దు, ఆ పొగకు జ్వరమొస్తుంది. ఉంగరాలు, లోహపు గాజులు తీసి పక్కన పెట్టాలి. ఇది విని మా అత్తగారు "ఆడదానివి, గాజులు తీసి నిప్పుతో ఆటలా?" అన్నారు. రోజుకు మూడు పూటలా నిప్పు దగ్గర నిలబెడుతున్నది మనల్నే కదత్తయ్యా అన్నాను. మాట్లాడలేదావిడ.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ ఓడల కర్మాగారాల్లో ఎందరో ఆడవాళ్లు వెల్డింగు నేర్చుకుని ఓడలు అతికించారు. 1945లో యుద్ధం ముగిశాక చాలామందిని ఇంటికి పంపేశారు. చేతకాక కాదు, మగవాళ్లు తిరిగొచ్చారని. ఓడలే అతికించినవాళ్లుండగా, ఒక పూలస్టాండుకు సారు ఎందుకు రావాలో నాకర్థం కాదు. మీరు కొనేటప్పుడు మీరే వెళ్లండి. రేకు చదవండి, మీ ముందే ఒక రాడ్డు వెలిగించి చూపించమనండి. చూపించనంటే ఇంకో అంగడికి పొండి.

చెల్లెలు మొన్న మళ్లీ ఫోన్ చేసింది. బెంగుళూరు ఇంకా పోలేదట. నా మాట విని ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు చూపించిందట. పాయింటుకు ఎర్తు తీగ అసలు కలపనే లేదట. ఇన్నేళ్లూ గీజరు ఆ పాయింటు మీదే నడిచింది.