ఐదేండ్ల చదువు తరువాత మరి రెండేండ్లా?



మన పల్లెలలో పిల్లవాడు డాక్టరు చదువుచున్నాడంటే అందరికీ అర్థమవుతుంది. ఇంజనీరు అన్నా అర్థమవుతుంది. ఆర్కిటెక్చరు అంటే మాత్రము, "ఇంటి ప్లాను గీసే పనే గదా, మా తాపీమేస్త్రి నేలమీద ముగ్గుపోసి చూపిస్తాడు" అంటారు. ఆ మాటను మేము కొట్టివేయము. మన కృష్ణా డెల్టాలో ఇండ్లు కట్టినది మేస్త్రులే. మండువా లోగిళ్లు కట్టినది వారే. దివిసీమలో గాలికి ఎదురు నిలువకుండ గాలిని పక్కకు జార్చివేసే చుట్టిళ్లు కట్టుకొన్నది ఏ కళాశాలలోనూ చదువని మన పెద్దలే. గుండ్రని గోడ, చూరు నేలకు దగ్గరగా, పైన తాటాకు. మూలలు లేవు గనుక గాలికి పట్టు దొరకదు.

మరి ఆర్కిటెక్టు ఎందుకు? అందులోనూ ఐదేండ్లు బి.ఆర్క్. చదివిన తరువాత, మరి రెండేండ్లు ఎం.ఆర్క్. ఎందుకు?

ఈ ప్రశ్న మా యొద్దకు ఒక కుటుంబము తెచ్చినది. చల్లపల్లి దగ్గర పల్లె. రెండెకరముల మాగాణి. అమ్మాయి బి.ఆర్క్. పూర్తిచేసి విజయవాడలో ఒక ఆఫీసులో సంవత్సరము నుండి పనిచేయుచున్నది. జీతము హాస్టలుకూ బస్సుకూ సరిపోయి ఏమీ మిగలదు. పి.జి. చదువుతానన్నది. దూరప్రాంతములోని ఒక ప్రైవేటు కళాశాలవారు పరీక్ష అవసరము లేదు, సీటు ఇస్తాము, ఇంత కట్టండి అన్నారు. దానికై తండ్రి అర ఎకరము బేరము పెట్టినాడు. తల్లికి పెండ్లి చింత. ఆ తండ్రి మమ్మును అడిగిన మాట ఇది: "అయ్యగారూ, ఐదేండ్లు చదివించాము. ఇప్పుడు ఇంకా రెండేండ్లంటుంది. ఇది చదవకపోతే ఆ ఐదేండ్లూ దండుగేనా?"

కాదు. ఇది ముందుగా ప్రతి తలిదండ్రులు తెలిసికొనవలసిన సంగతి. 1972వ సంవత్సరపు ఆర్కిటెక్టుల చట్టము ప్రకారము, గుర్తింపు పొందిన బి.ఆర్క్. పట్టా ఉన్నవారు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసికొంటే చాలు, తమను ఆర్కిటెక్టు అని చెప్పుకొని స్వంతముగా పనిచేయవచ్చును. ఎం.ఆర్క్. లేనందున ఆ హక్కు తగ్గదు, ఉన్నందున పెరగదు. వైద్యములో ఎం.బి.బి.ఎస్. తరువాత ఎం.డి. లేకపోతే విలువ లేదని అనుకొనే కాలము గనుక, ఆ లెక్కనే ఇక్కడికీ తెచ్చి చాలమంది అప్పులపాలవుచున్నారు. కళాశాలలో పాఠము చెప్పదలచిన వారికి పి.జి. తప్పనిసరి వంటిదే. తక్కినవారికి అది అవసరము కాదు, ఎంపిక.

దేనిని ఎంపిక చేసికొనుట? బి.ఆర్క్.లో అన్నీ కొంచెము కొంచెముగా నేర్పుతారు. పి.జి.లో ఒక సమస్యను పట్టుకొని రెండేండ్లు, అనగా నాలుగు సెమిస్టర్లు, దానితోనే కూర్చుంటారు. చివరి సెమిస్టరంతా థీసిస్. కాబట్టి పిల్లలను "ఏ కాలేజీ?" అని అడుగుటకు ముందు "ఏ సమస్య?" అని అడగండి. జవాబు రాకపోతే ఇంకొక సంవత్సరము పని చేయనివ్వండి. సిమెంటు మూట ఎత్తేవారి పక్కన నిలబడిన సంవత్సరము వ్యర్థము కాదు.

మన ప్రాంతములో సమస్యలకు కొరత లేదు గదా! నేలనే చూడండి. మన రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పునాది దానితోపాటు లేస్తుంది, కుంగుతుంది. కొత్త ఇంటికి గృహప్రవేశమై రెండేండ్లు గడువకముందే కిటికీ మూలనుండి ఏటవాలుగా పగులు వచ్చిన ఇండ్లు మనలో ఎందరికి లేవు! మేస్త్రిని తిడతాము. తప్పు తరచు నేలది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇటువంటి నేలకొరకే ఒక పద్ధతి వృద్ధిచేసినారు. నేలలో లోతుగా గుంత తొలిచి, అడుగున ఉల్లిగడ్డవలె వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. దానిని అండర్ రీమ్డ్ పైల్ అంటారు. ఉబ్బి కుంగేది పై మట్టి. ఈ స్తంభము కదలని లోతులో కాలు మోపుతుంది. సముద్రమునకు దగ్గరి ఊళ్లలో ఇంకొక బాధ: ఉప్పుగాలి, ఉప్పునీరు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. ఉప్పునీటితో కాంక్రీటు కలిపితే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇక తుఫాను. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయినారని చెప్పుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన ఇండ్లలోని పెద్దలకు ఇంకా కండ్లకు కట్టినట్లే ఉన్నది. దాదాపు 10 వేలమంది మరణించినారు. నీరు తాటిచెట్లతో పోటీపడినదని చూచినవారు చెప్పుతారు. ఆ తరువాత ప్రభుత్వము, చర్చి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు పక్కా ఇండ్లు కట్టించినవి, తుఫాను షెల్టర్లు లేచినవి. మంచిదే. అయితే సంవత్సరములో మూడు రోజులు మాత్రమే అక్కరపడే భవనము, తక్కిన 362 రోజులు తాళము వేసియుంటే ఏమవుతుంది? తలుపులు పోతాయి, మెట్లపై గడ్డి మొలుస్తుంది. అది బడిగానో, ధాన్యము ఎండబెట్టే చోటుగానో, పెండ్లి పందిరిగానో ఏడాదంతా వాడుకలో ఉండేటట్లు మొదటి గీతలోనే ఆలోచించుట ఆర్కిటెక్టు పని. ఇది రెండు సంవత్సరములు చదువదగిన అంశము కాదా?

మన పిల్లలు దీనికై ఢిల్లీ వరకు పోవలసిన అవసరము లేదు. విజయవాడలో ఐ.టి.ఐ. రోడ్డున స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉన్నది. 2008లో కేంద్ర ప్రభుత్వము స్థాపించినది. అదే సంవత్సరము భోపాల్‌లోనూ ఒకటి వచ్చినది, ఢిల్లీలోనిది పాతది. 2014లో పార్లమెంటు చేసిన చట్టముతో వీటికి జాతీయ ప్రాముఖ్యముగల సంస్థల హోదా లభించినది. చల్లపల్లినుండి సుమారు రెండు గంటల బస్సు ప్రయాణము. ఇంత దగ్గర ఉండికూడ మన సంఘములలో దాని పేరు విన్నవారు బహు తక్కువ. ఇది మాకు విచారకరము.

అక్కడి పి.జి. శాఖలలో మూడింటిని గూర్చి చెప్పెదము. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అంటే పూలకుండీలు పేర్చుట కాదు. నీరు ఎటు పోవలెను, చెట్టు ఎక్కడ ఉండవలెను, మురుగు కాలువ గట్టు ఎట్లుండవలెను అనునదే ఆ చదువు. కాలువలతో, డ్రెయిన్లతో, నదీముఖమున మడ అడవులతో ఉన్న మన సీమకు అంతకంటె దగ్గరి చదువు ఏమున్నది? చల్లపల్లిలోనే 2014 నవంబరు మొదలు కార్యకర్తలు తెల్లవారుజామున వీధులు ఊడ్చి, రోడ్లపక్క మొక్కలు నాటి ఊరి రూపమునే మార్చిన సంగతి మీరెరుగుదురు. వారు పుస్తకము లేకుండ చేసిన పనికి ఆ శాఖలో పుస్తకములున్నవి.

సస్టైనబుల్ ఆర్కిటెక్చర్ అనగా తక్కువ ఖర్చు, తక్కువ కరెంటు, దగ్గర దొరికే సామగ్రితో చల్లగా ఉండే కట్టడములు. లారీ బేకర్‌గారి పేరు విన్నారా? ఇంగ్లండులో ఆర్కిటెక్చరు చదివి, కుష్ఠురోగుల సేవకై 1945లో మన దేశమునకు వచ్చి, ఇక్కడే ఉండిపోయి, 2007లో కేరళలో కన్నుమూసిన క్వేకరు క్రైస్తవుడు. ఇటుకను పండుకోబెట్టకుండ అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ ఉండేటట్లు గోడకట్టే పద్ధతిని ఆయన ఎంతో ప్రచారము చేసినారు. ఇటుకలో సుమారు నాలుగవ వంతు మిగులుతుంది. నడుమ గాలి ఉన్నందున ఎండ లోపలికి త్వరగా రాదు. మన ఊళ్లలో ఈ గోడ కట్టమంటే మేస్త్రులు నవ్వుతారు. నేర్పేవారు లేరు, అంతే.

మూడవది కట్టడముల పరిరక్షణ. ఇక్కడ మా స్వంత బాధ ఒకటి చెప్పుకొనక తప్పదు. చల్లపల్లికి దగ్గరలోని ఘంటసాలలో బౌద్ధ స్తూపమున్నది. దాని పునాది బండిచక్రమువలె ఉంటుంది. ఇటుక గోడలు ఆకులుగా, వాటి నడుమ మట్టి నింపి కట్టినారు. ఇటుక తగ్గినది, బలము తగ్గలేదు. బందరులో డచ్చివారి సమాధుల తోటను పురావస్తు శాఖ కాపాడుచున్నది. మరి మన దేవాలయములను ఎవరు కాపాడుతారు? మిషనరీల కాలములో గానుగ సున్నముతో, టేకు దూలములపై మద్రాసు టెర్రసుతో కట్టిన చర్చీలను, బంగళాలను కమిటీలవారు ఒక తీర్మానముతో పడగొట్టి స్లాబు వేయుచున్నారు. పడగొట్టనివారు మంచి మనసుతో సున్నపు గోడకు సిమెంటు పూస్తారు. సున్నము ఊపిరి పీల్చే గోడ. సిమెంటు ఆ తడిని లోపలనే బంధిస్తుంది, గోడ లోలోపల పొడియైపోతుంది. పైకి మాత్రము కొత్త రంగు! డోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారి నాయకత్వమున కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన కెథీడ్రల్ చూడండి. దక్షిణాది గుడుల స్తంభము, ముసల్మానుల గుమ్మటము, క్రైస్తవ ఆరాధన మూడూ ఒక్కచోట. అటువంటి ఆలోచన గలవారు మన కమిటీలలో ఉండవలెనంటే మన పిల్లలలో ఎవరో ఒకరు ఈ విద్య చదువవలెను గదా. ప్రత్యక్ష గుడారమునకు బెసలేలు అను పనివానిని పేరుపెట్టి పిలిచిన గ్రంథమును చదివే మనము, పనితనమును ఇంత చులకనగా చూచుట మాకు అర్థము కాదు.

ప్లానింగు వేరే శాఖ. అందులో ఆర్కిటెక్చరు చదివినవారే గాక సివిల్ ఇంజనీరింగు, భూగోళము వంటివి చదివినవారు కూడ చేరవచ్చును. అమరావతి పనులు 2015లో శంకుస్థాపన జరిగి, 2019 తరువాత నిలిచిపోయి, 2025 మే 2న మరల ప్రారంభమయినవి. దానిని చూచి చాలమంది ఇటు పరుగెత్తుచున్నారు. ఒక్క రాజధానిని నమ్ముకొని చదువు ఎంచుకొనవద్దని మా సలహా. ఆగిన ఆ సంవత్సరములలో ఉద్యోగములు పోయినవారిని మేము చూచినాము.

ఇప్పుడు ఖర్చు మాట. ఈ సంస్థలకు దారి గేట్ పరీక్ష. దేశమంతటికీ ఒకటే, ఫిబ్రవరిలో జరుగుతుంది. ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ అని ప్రత్యేకముగా పేపరు ఉన్నది. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. వచ్చిన స్కోరు మూడేండ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో సి.సి.ఎం.టి. అనే ఉమ్మడి కౌన్సెలింగులో సీటు ఎంచుకొనవలెను. ఐ.ఐ.టి.ల దారి వేరు, వాటికి విడిగా దరఖాస్తు చేయవలెను. గేట్ ద్వారా పూర్తికాలపు పి.జి.లో చేరిన అర్హులకు కేంద్రము నెలకు 12,400 రూపాయలు స్టైపెండు ఇస్తుంది. అనగా పరీక్ష లేకుండ సీటు ఇస్తామన్నవారికి మనము ఎదురు కట్టుచున్నాము, పరీక్ష రాసినవారికి ప్రభుత్వమే నెలనెలా ఇచ్చుచున్నది. ఈ ఒక్క సంగతి తెలియక పొలములు అమ్ముకొన్నవారున్నారు.

మేము ఆ తండ్రితో, "పొలము బేరము ఆపండి, అమ్మాయిని ఆపవద్దు" అన్నాము. ఉద్యోగము మానకుండ సాయంకాలములు చదివి ఒకసారి గేట్ రాయనివ్వండి, స్కోరు చూచి మాటాడుకొందాము అన్నాము. అమ్మాయిని కూడ పిలిచి ఏ సమస్య అని అడిగినాము. కొంతసేపు ఊరకుండి, "మా అమ్మమ్మ వాళ్ల ఊరి తుఫాను షెల్టరు, అయ్యగారూ. దానికి తాళమేసి గేదెల్ని కడుతున్నారు" అన్నది. తండ్రి ఆ మాట మొదటిసారి విన్నట్లున్నాడు. పెండ్లి సంగతి మాత్రము తేలలేదు. రెండేండ్లు ఆగే సంబంధము దొరకదని తల్లి, ఆగని సంబంధము ఎందుకని కూతురు. ఆ వాదములో మేము కూతురి పక్షమే. తల్లిగారు మామీద కొంచెము కినుకగా ఉన్నారు.

గేట్ దరఖాస్తులు సాధారణముగా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తీసికొంటారు. గడువు దాటితే ఆలస్య రుసుము కట్టవలెను, అదీ దాటితే మరుసటి సంవత్సరమే. బి.ఆర్క్. పూర్తికాకముందే, మూడవ సంవత్సరము మొదలుకొని రాయవచ్చును. కులధృవీకరణ పత్రములు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండవలెను గనుక మండల కార్యాలయములో ముందుగానే అడిగి తెచ్చుకొనండి. స్టైపెండు మొదటి నెలలలో ఆలస్యము కావచ్చును. ఒక సెమిస్టరు హాస్టలు ఖర్చు చేతిలో ఉంచుకొని పిల్లలను పంపండి.